రైజ్, రెయిజ్: ఎక్కడ ఏది వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఒక చిన్న ఒప్పందం. ఇక్కడ ‘రైజ్’ అని రాసిన చోటల్లా ఆర్, ఐ, ఎస్, ఈ అక్షరాలున్న క్రియ అనుకోండి. ‘రెయిజ్’ అంటే ఆర్ తర్వాత ఏ, ఐ రెండూ ఉన్న క్రియ. మాటల్లో మనలో చాలామంది రెండింటినీ ‘రైజ్’ అనే పలుకుతాం. ‘వాయిస్ రైజ్ చేయకు’ అన్నప్పుడు నిజానికి మనం అంటున్నది రెయిజే. మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు కానీ, ఈమెయిల్‌లోనో పరీక్షలోనో రాయాల్సి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది.

ఈ రెండింటికీ అసలు తేడా ఏమిటి?

తనంతట తాను పైకి వెళ్తే రైజ్. ఒకరు మరొకదాన్ని పైకి తీసుకెళ్తే రెయిజ్. వ్యాకరణంలో మొదటిది అకర్మక క్రియ, రెండోది సకర్మక క్రియ. ఈ పేర్లు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఈ తేడా తెలుగు మాట్లాడేవాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. పెరుగు, పెంచు. లేచు, లేపు. దిగు, దించు. ‘నీటిమట్టం పెరిగింది’ అనాల్సిన చోట ‘నీటిమట్టం దానంతటదే పెంచింది’ అని మూడేళ్ల పిల్లలు కూడా అనరు. కానీ బాగా చదువుకున్నవాళ్లే ఇంగ్లీషులో ‘ద వాటర్ లెవెల్ రెయిజ్డ్’ అని నిశ్చింతగా రాసేస్తుంటారు. ఆ వాక్యం చదివిన ఇంగ్లీషువాడికి ‘ఏం పెంచింది? దేన్ని పెంచింది?’ అని అడగాలనిపిస్తుంది. అక్కడ ఉండాల్సింది ‘రోజ్’.

కాబట్టి వాక్యం రాసేముందు మనసులో ఒక్క ప్రశ్న వేసుకోండి: పెరిగిందా, పెంచారా? పెరిగితే రైజ్, పెంచితే రెయిజ్. నూటికి తొంభై చోట్ల ఇది పనిచేస్తుందని చెప్పడానికి నేను లెక్కలేమీ తీయలేదు గానీ, పనిచేయని చోట్లు కొన్ని ఉన్నాయి. వాటి గురించి కిందే చెప్పాను.

ఇంకా సులువైన గుర్తు ఏమైనా ఉందా?

ఉంది, అదీ మన నోట్లోనే ఉంది. తెలుగులో ఇంగ్లీషు మాట కలిపేటప్పుడు మనం దాని పక్కన ‘అవు’ గానీ ‘చేయు’ గానీ చేరుస్తాం. ‘రేట్లు రైజ్ అయ్యాయి’ అంటాం. ‘కంప్లయింట్ రైజ్ చేశాం’ అంటాం. ‘అయ్యింది’ వచ్చిన చోట ఇంగ్లీషులో రైజ్, ‘చేశారు’ వచ్చిన చోట రెయిజ్. పలకడంలో కలిపేసిన రెండు క్రియలను ‘అవు’, ‘చేయు’ మళ్లీ విడదీసి పెడుతున్నాయన్నమాట. అడిగినవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ గుర్తే. సకర్మకం, అకర్మకం అని మొదలుపెడితే సగంమంది వినడం మానేస్తారు.

‘ప్రైసెస్ రోజ్ ఫైవ్ పర్సెంట్’ అంటారు కదా. క్రియ తర్వాత ‘ఫైవ్ పర్సెంట్’ ఉంది. మరి అది కర్మ కాదా?

కాదు. ‘దేన్ని?’ అని అడిగితే వచ్చే జవాబు కర్మ. ‘ఎంత?’ అని అడిగితే వచ్చేది కొలత మాత్రమే. ‘ధరలు 5 శాతం పెరిగాయి’ అన్న తెలుగు వాక్యంలో కూడా ‘5 శాతం’ క్రియ పక్కనే ఉంది. అయినా అది కర్మ అని మనకెవరికీ అనిపించదు. ‘బై ఫైవ్ పర్సెంట్’ అని మధ్యలో ‘బై’ పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. అలాగే 10 నుంచి 12కి పెరిగిందనడానికి ‘రోజ్ ఫ్రమ్ టెన్ టు ట్వెల్వ్’ అంటారు. ఎవరైనా పెంచి ఉంటే అదే అంకెలతో ‘దే రెయిజ్డ్ ఇట్ ఫ్రమ్ టెన్ టు ట్వెల్వ్’.

భూతకాలంలో ఏ రూపాలు వస్తాయి? పలకడం ఎలా?

రెయిజ్ సంగతి తేలిక. రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్. రైజ్ మాత్రం దారి తప్పిస్తుంది: రైజ్, రోజ్, రిజన్.

రైజ్‌కు ‘డ్’ చేర్చిన రూపం ఇంగ్లీషులో లేదు. ‘రైజ్డ్’ అని మీ నోట వస్తే అది రెయిజ్డ్ అయి ఉండాలి, లేదంటే రోజ్ అనాల్సిన చోట తప్పు జరిగి ఉండాలి. మూడో రూపాన్ని చాలామంది ‘రైజెన్’ అని పలుకుతారు. అది ‘రిజన్’. రి హ్రస్వం. దీర్ఘం ఇస్తే కారణం అనే అర్థమున్న ‘రీజన్’ అయిపోతుంది. ‘ప్రైసెస్ హావ్ రిజన్’ అన్నది సరైన వాక్యం. ‘ప్రైసెస్ హావ్ రెయిజ్డ్’ అంటే మళ్లీ పాత కథే, దేన్ని పెంచాయో చెప్పాలి.

రైజ్, రెయిజ్ రెండింటి చివరా ఉన్నది ‘జ’కు దగ్గరగా ఉండే, తుమ్మెద ఝుంకారం లాంటి ధ్వని. రాతలో ఎస్ కనిపిస్తోంది కదా అని ‘స్’ అంటే రైజ్ కాస్తా బియ్యం అయిపోతుంది.

‘ద ఫీజ్ ఆర్ రెయిజ్డ్’ అని రాస్తే తప్పా?

తప్పు కాదు. అది కర్మణి ప్రయోగం: ఫీజులు పెంచబడ్డాయి, అంటే ఎవరో పెంచారు. రెయిజ్‌కు కర్మ ఉంటుంది కాబట్టి ఇలా తిప్పి రాయొచ్చు. రైజ్‌ను అలా తిప్పలేం. ‘ఫీజ్ వర్ రిజన్’ అనే వాక్యం లేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ‘ఫీజులు పెరిగాయి’ అన్నదానికీ ‘ఫీజులు పెంచాం’ అన్నదానికీ ఎంత దూరమో ఫీజు కట్టేవాళ్లకు తెలుసు. పెంచిన సంస్థ పంపే ఉత్తరంలో తరచుగా ‘ఫీజ్ హావ్ రిజన్’ అనే ఉంటుంది, ఏదో వరద వచ్చి నీళ్లు పెరిగినట్టు. ‘హావ్ బీన్ రెయిజ్డ్’ అన్నా ఎవరు పెంచారో చెప్పరు గానీ, ఎవరో పెంచారని మాత్రం ఒప్పుకున్నట్టవుతుంది. ‘వి హావ్ రెయిజ్డ్’ అని రాసేవాళ్లు అరుదు. మీరు ఇలాంటి నోటీసు రాయాల్సి వస్తే వ్యాకరణం మూడింటినీ ఒప్పుకుంటుంది. నన్నడిగితే మూడోదే మర్యాద.

మరి ‘క్రైస్ట్ ఈజ్ రిజన్’ అంటారు కదా?

అంటారు, ఈస్టర్ నాడు క్రైస్తవులు ఒకరినొకరు పలకరించుకునే మాట అది. అక్కడ ‘ఈజ్’ ఉన్నా అది కర్మణి ప్రయోగం కాదు. పాత ఇంగ్లీషులో రావడం, పోవడం, లేవడం లాంటి క్రియలకు ‘హాజ్’ బదులు ‘ఈజ్’ వాడేవారు. లేచి ఉన్నాడు అని అర్థం. ఆ పద్ధతి పోయింది, ఈ పలకరింపులో నిలిచిపోయింది. ‘హి ఈజ్ గాన్’ అని ఇప్పటికీ అంటామే, అదీ ఈ కోవలోదే. దీన్ని చూసి ‘ద ప్రైసెస్ ఆర్ రిజన్’ అని మాత్రం రాయకండి.

జీతం పెరిగితే రైజా, రెయిజా?

నామవాచకంగా వాడేటప్పుడు ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ‘ఐ గాట్ ఎ రెయిజ్’. బ్రిటన్‌లో ‘ఎ పే రైజ్’, లేదా ఉత్త ‘రైజ్’. రెండూ ఒప్పే. మన ఆఫీసుల్లో హైక్ అనీ ఇంక్రిమెంట్ అనీ అంటాం కాబట్టి ఈ చిక్కు పెద్దగా రాదు.

జీతం కాక మిగతా అన్నిటికీ పెరుగుదల అంటే రైజే. ఉష్ణోగ్రతలో పెరుగుదల ‘ఎ రైజ్ ఇన్ టెంపరేచర్’. అక్కడ ‘ఎ రెయిజ్’ అంటే అమెరికాలోనూ తప్పే. దారి తీయడం అనే అర్థంలో ‘గివ్ రైజ్ టు’ అన్నదీ మారదు.

పిల్లల్ని పెంచడానికి రెయిజ్ అనొచ్చా? రియర్ అనాలంటారు కొందరు.

అనొచ్చు. పశువుల్నీ పంటల్నీ రెయిజ్ చేస్తారు, పిల్లల్ని రియర్ చేస్తారు అని ఒకప్పుడు కొందరు వ్యాకరణకర్తలు గట్టిగా పట్టుబట్టిన మాట నిజం. ఇప్పుడు ఆ పట్టింపు లేదు. పైగా రియర్ అంటేనే కాస్త పుస్తకాల వాసన వస్తుంది. మామూలు మాటల్లో ‘బ్రింగ్ అప్’ కూడా బాగుంటుంది.

ఈ రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలు. రైజ్ పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఉన్న క్రియ. దాని ‘పెంచు’ రూపం, అంటే ఇంగ్లీషుకు మొదటి నుంచీ ఉన్న సొంత రూపం, రియర్. రెయిజ్ బయటి నుంచి వచ్చింది. వైకింగులు మాట్లాడిన పాత నార్స్ భాషలో ‘రీసా’ అంటే లేవడం, ‘రెయిసా’ అంటే లేపడం. ఆ రెయిసా సుమారు 1200 ప్రాంతంలో ఇంగ్లీషు రాతల్లోకి చేరింది, మెల్లగా రియర్ చేసే పనులు చాలావాటిని లాగేసుకుంది. సకారం రకారంగా మారడం వల్ల రియర్ వేరే మాటలా కనిపిస్తుంది గానీ మూలం ఒకటే. వాజ్, వర్ జతలో ఉన్న మార్పూ ఇలాంటిదే. కాబట్టి పిల్లల్ని రెయిజ్ చేసినా రియర్ చేసినా వేల ఏళ్ల కిందటి ఒకే మాటను వాడుతున్నట్టే.

తెలుగులో ‘పెరుగు’ అన్న ప్రతిచోటా రైజ్ పెట్టేయొచ్చా?

మొదట చెప్పిన గుర్తు తప్పేది సరిగ్గా ఇక్కడే. మన ‘పెరుగు’ రెండు వేర్వేరు పనులు చేస్తుంది. మట్టం పైకి పోవడం ఒకటి, ఒంటి పరిమాణం పెద్దదవడం ఇంకొకటి. ఇంగ్లీషులో రైజ్ మొదటిదానికే. ధర, ఉష్ణోగ్రత, నీటిమట్టం, సంఖ్య, శబ్దం, ఆశ, కోపం, ఇలా నిచ్చెన మీద మెట్లలా ఊహించుకోగలిగినవన్నీ రైజ్ అవుతాయి. మొక్క పెరిగితే అది గ్రో. పిల్లవాడు పెరిగితే గ్రో అప్. ‘మై సన్ హాజ్ రిజన్’ అంటే కొడుకు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడేమో అనుకుంటారు, లేదా నిద్ర లేచాడనుకుంటారు.

‘పెంచు’ కూడా అంతే. జీతం పెంచితే రెయిజ్. పిల్లల్ని పెంచితే రెయిజ్. జుట్టు పెంచితే మాత్రం గ్రో. మొక్కలు పెంచితే ఎక్కువగా గ్రోయే, కానీ పంట విషయంలో రెయిజ్ కూడా వాడతారు. వేగం పెంచితే ‘ఇంక్రీజ్’ అనండి, లేదా ‘స్పీడ్ అప్’. వాల్యూమ్ పెంచమంటే ‘టర్న్ అప్’. బరువు పెరిగితే ‘పుట్ ఆన్ వెయిట్’, ‘గెయిన్ వెయిట్’. ‘మై వెయిట్ రోజ్’ అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ అది డాక్టర్ రిపోర్టులో ఉండే మాట, స్నేహితుడితో అనే మాట కాదు. దీనికి సూత్రం కోసం వెతక్కండి. ఏ నామవాచకం పక్కన ఏ క్రియ కూర్చుంటుందో చదువుతూ చదువుతూ చెవికి పట్టాల్సిందే.

‘లేచు, లేపు’ సంగతి? నిద్ర లేపడాన్ని రెయిజ్ అనొచ్చా?

వద్దు. నిద్ర లేవడాన్ని రైజ్ అనొచ్చు, అదీ కొంచెం గంభీరంగా ఉంటుంది. రోజువారీ మాట ‘గెట్ అప్’. లేపడం మాత్రం ‘వేక్ అప్’. ‘ప్లీజ్ రెయిజ్ మి ఎట్ సిక్స్’ అని ఎవరికైనా మెసేజ్ పెడితే నవ్వుకుంటారు. రెయిజ్‌తో మనుషుల్ని లేపే సందర్భం ఒకటి ఉంది, అది చచ్చినవాళ్లను బతికించి లేపడం. ‘రెయిజ్ ఫ్రమ్ ద డెడ్’.

బరువు ఎత్తడం లిఫ్ట్. చేయి ఎత్తడం, జెండా ఎత్తడం, తెర ఎత్తడం రెయిజ్. బస్తాను భుజానికెత్తుకోవడంలో కష్టం కనిపిస్తుంది, చేయి ఎత్తడంలో స్థానం మారడమే కనిపిస్తుంది. తేడా ఆ మేరకే, గీత గీసినంత కచ్చితం కాదు.

‘ఉదయించు’లో ‘ఇంచు’ ఉంది కదా, మరి సూర్యుడు రెయిజ్ అవ్వాలేమో?

మంచి ప్రశ్న. ‘ఇంచు’ కనిపించగానే చేయించడం, తినిపించడం గుర్తొస్తాయి. కానీ సంస్కృత పదాన్ని తెలుగు క్రియగా మార్చుకునేటప్పుడు కూడా మనం ఇదే ‘ఇంచు’ తగిలిస్తాం. ఉదయం నుంచి ఉదయించు, జన్మ నుంచి జన్మించు, మరణం నుంచి మరణించు. వీటిలో వేరొకరి మీద చేసే పనేమీ లేదు. సూర్యుడు తనంతట తానే పైకొస్తాడు, కాబట్టి ‘ద సన్ రైజెస్’. నిజానికి తిరుగుతున్నది భూమి, సూర్యుడు పైకేం రావడం లేదు. ఆ సంగతి తెలిసినా తెలుగూ ఇంగ్లీషూ రెండూ కన్ను చెప్పిందే నమ్ముతున్నాయి.

ప్రశ్నలకు, సమస్యలకు ఏది వాడాలి? అరైజ్ అని మరోటి ఉందే?

తెలుగు వార్తలు చదివేవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. ‘ప్రశ్న తలెత్తింది’ అంటే అరైజ్. ‘ప్రశ్న లేవనెత్తారు’ అంటే రెయిజ్. సమస్య తలెత్తింది, ‘ఎ ప్రాబ్లమ్ అరోజ్’. సభ్యుడు సమస్యను లేవనెత్తాడు, ‘హి రెయిజ్డ్ ద ప్రాబ్లమ్’. అభ్యంతరం, సందేహం, ఆందోళన, వీటన్నిటికీ ఇదే పద్ధతి.

అరైజ్ రూపాలు రైజ్ లాగే ఉంటాయి: అరైజ్, అరోజ్, అరిజన్. ఇప్పటి ఇంగ్లీషులో అరైజ్ దాదాపుగా కంటికి కనిపించని వాటికే పరిమితం. అవసరం, అవకాశం, గొడవ, అనుమానం లాంటివి అరైజ్ అవుతాయి. పొగ, బెలూన్, నీళ్లు రైజ్ అవుతాయి. ఒకరి మనసులో అనుమానమో ఆసక్తో రేకెత్తించడానికి ‘అరౌజ్’ అనే ఇంకో క్రియ ఉంది. అది వేరు.

ఆఫీసులో టికెట్ రెయిజ్ చేయడం, ఇన్‌వాయిస్ రెయిజ్ చేయడం సరైన ఇంగ్లీషేనా?

సరైనదే. ‘పుట్టించి ముందు పెట్టడం’ అన్నది రెయిజ్ అర్థాల్లో ఒకటి. ‘రెయిజ్ ఎ టికెట్’, ‘రెయిజ్ యాన్ ఇన్‌వాయిస్’ ఐటీలోనూ అకౌంట్స్‌లోనూ మామూలే. నిధులు సేకరించడం కూడా రెయిజే, ‘రెయిజ్ మనీ’. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎక్సెప్షన్‌ను, అంటే ఏదో తేడా జరిగిందనే సంకేతాన్ని, బయటకు తెచ్చే కీవర్డ్ రెయిజ్. అదే పని జావా అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో చేస్తే త్రో. పేకాటలో పందెం పెంచితే రెయిజ్. లెక్కల్లో 2ను 3వ ఘాతానికి తీసుకెళ్తే ‘టు రెయిజ్డ్ టు ద పవర్ త్రీ’. వీటన్నిటిలోనూ ఎవరో చేస్తున్న పని ఉంది, చూడండి.

వార్తల్లో ‘ద హౌస్ రోజ్ ఎట్ సిక్స్’ అని చూశాను. సభ ఎక్కడికి లేచింది?

ఎక్కడికీ లేదు, ఇంటికెళ్లింది. సభ గానీ కోర్టు గానీ రైజ్ అయిందంటే ఆ పూటకు పని ముగిసిందని అర్థం. కోర్టు హాల్లో జడ్జి వచ్చేటప్పుడు ‘ఆల్ రైజ్’ అంటారు. అది అందరూ లేచి నిలబడమని. ఒకే గదిలో ఒకే క్రియ ఒకసారి మొదలుపెట్టడానికీ ఇంకోసారి ముగించడానికీ పనికొస్తోంది! నది రైజ్ అయిందంటే కూడా రెండర్థాలున్నాయి. నీటిమట్టం పెరగడం ఒకటి, నది ఫలానా కొండల్లో పుట్టడం ఇంకొకటి. ‘రైజెస్ ఇన్’ తర్వాత చోటి పేరుంటే అది పుట్టుకే.

‘హి రెయిజ్డ్ హిమ్‌సెల్ఫ్’ అంటే తనంతట తానే లేచాడు కదా. రైజ్ ఎందుకు కాలేదు?

అక్కడ తనను తానే కర్మగా చేసుకున్నాడు. పడుకున్నవాడు మోచేతి మీద ఊతమిచ్చుకుని ఒంటిని పైకి తెచ్చుకుంటే ఇలా రాస్తారు. శ్రమపడి లేచాడని చెప్పడం దీని ఉద్దేశం. మామూలుగా లేస్తే రోజ్ చాలు.

ఇలాంటి జతలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం, అంటే పెట్టడం. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే పడగొట్టడం, చెట్ల విషయంలో వాడతారు. అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించే జత లై, లే. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం, పరచడం. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే ‘పడుకున్నాడు’ అనే భూతకాలం కూడా లే. లై, లే, లెయిన్ ఒక వరుస. లే, లెయిడ్, లెయిడ్ రెండో వరుస. ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తరచుగా తప్పులో కాలేస్తారు. దానితో పోలిస్తే రైజ్, రెయిజ్ చాలా బుద్ధిమంతులు.

ఈ గొడవంతా ఎందుకు, రెండు చోట్లా ‘ఇంక్రీజ్’ వాడేస్తే పోదా?

అంకెల విషయంలో పోతుంది. ఇంక్రీజ్ రెండు వైపులా పనిచేస్తుంది: ‘ప్రైసెస్ ఇంక్రీజ్డ్’, ‘దే ఇంక్రీజ్డ్ ద ప్రైసెస్’. పరీక్షలో గానీ ఇంటర్వ్యూలో గానీ అనుమానం వచ్చిన క్షణాన దాన్ని పట్టుకోవడం తెలివైన పనే. కానీ చేయి ఇంక్రీజ్ చేయలేరు, సూర్యుడు ఇంక్రీజ్ అవ్వడు, మీటింగ్‌లో ప్రశ్నను ఇంక్రీజ్ చేయడం కుదరదు. అక్కడ మళ్లీ ‘అయ్యిందా, చేశారా’ అనే ప్రశ్న వేసుకోక తప్పదు.

ఎస్ బదులు జెడ్ ఉన్న రెయిజ్ ఒకటి కనిపించింది. అమెరికా స్పెల్లింగా?

కాదు, పూర్తిగా వేరే మాట. ఉచ్చారణ ఒకటే, అర్థం దాదాపు తలకిందులు. ఆర్, ఏ, జెడ్, ఈ అక్షరాల ఆ క్రియకు నేలమట్టం చేయడం అని అర్థం. గొరగడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది, గడ్డం గీసుకునే రేజర్‌ది కూడా ఆ కుటుంబమే. భవనాన్ని ఎస్‌తో రెయిజ్ చేస్తే లేస్తుంది, జెడ్‌తో చేస్తే కూలుతుంది. స్పెల్ చెక్ రెండింటినీ వదిలేస్తుంది కాబట్టి కాంట్రాక్టు కాగితాల మీద ఆ అక్షరాన్ని మీరే చూసుకోవాలి.